రాజా–జిక్కి జంటలో జిక్కి

మన డిపార్ట్‌మెంట్‌లో పాత పాటల మాట వస్తే చాలు, ఒక చిన్న తగువు మొదలవుతుంది. జిక్కి తెలుగు గాయనా, తమిళ గాయనా అని. తమిళం మెయిన్‌గా చదివే స్నేహితురాళ్లు ఆమె మావాళ్లంటారు, మనం కాదు మావాళ్లంటాం. ఈ గొడవలో నేను ఇంకో సంగతి గమనించాను. రెండు పక్కలవాళ్లూ ఆమె పేరును విడిగా పలకడం తక్కువ. రాజా–జిక్కి అని కలిపే అంటారు. మా అవ్వ కూడా రేడియోలో పాట రాగానే రాజా–జిక్కి పాట అనేది, అందులో రాజా గొంతు లేకపోయినా సరే! అందుకే ఈసారి గోడపత్రికకు ఆ జంటలో రెండో పేరు గురించి రాద్దామనిపించింది.

జిక్కి గారి అసలు పేరు పి. జి. కృష్ణవేణి. 1935లో మద్రాసులో పుట్టారు. వాళ్లది తిరుపతి దగ్గరి చంద్రగిరి. బతుకుతెరువు కోసం కుటుంబం మద్రాసు చేరింది. అంటే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. ఆమె రెండు భాషల్లోనూ అంత సులువుగా పాడడం వెనక ఏ రహస్యమూ లేదు. మనలాగే ఆమె కూడా రెండు భాషల మధ్య పెరిగిన పిల్ల.

బంధువు దేవరాజు నాయుడు గారు గుబ్బి వీరన్న నాటక సమాజంలో సంగీతం చూసేవారు. సినిమాలోకి దారి చూపింది ఆయనే. 1943లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన పంతులమ్మలో చిన్న వేషం దొరికింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ రోజుల్లో తెరమీద కనిపించేవాళ్లే చాలావరకు పాడుకోవాలి. గొంతున్న పిల్లలకు వేషాలు రావడానికి అదొక కారణం. తర్వాత కొన్నేళ్లకే ఒకరు నటిస్తే ఇంకొకరు పాడే పద్ధతి స్థిరపడింది. జిక్కి కూడా కెమెరా ముందునుంచి మైకు ముందుకు వచ్చేశారు.

మొదటి పేరు తెచ్చిన పాట తమిళంలో. 1948లో వచ్చిన జ్ఞానసౌందరిలో మేరీమాతను వేడుకునే పాట ఒకటుంది. చిన్నపిల్ల పాడుతుండగా మొదలై, ఆ పిల్ల పెద్దదయ్యాక ముగుస్తుంది. చిన్నపిల్లకు జిక్కి, పెద్దయ్యాక పి. ఎ. పెరియనాయకి గారు పాడారు. ఒక గొంతు ఇంకో గొంతులోకి పెరిగినట్టు వినిపించాలి. పెరియనాయకి అప్పటికే పేరున్న గాయని. ఆ పక్కన జిక్కి చిన్నపిల్ల గొంతు తేలిపోలేదు. ఇతరులతో కలిసి పాడడం అనే ఆమె వృత్తి ఇలా మొదలైంది.

రెండేళ్లకు, 1950లో, మంత్రికుమారి వచ్చింది. జి. రామనాథన్ సంగీతం. కొండ మీదకు భార్యను తీసుకెళ్లే భర్త పాట మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అతని మనసులో ఉన్నది ఆమెను కిందికి తోసేయాలని. తిరుచ్చి లోకనాథన్ గారి గంభీరమైన గొంతుకు జోడీగా పాడిన జిక్కికి అప్పుడు పదిహేనేళ్లు అటూ ఇటూ. పాట వింటే ఆ వయసు ఎక్కడా తెలియదు.

ఇక్కడ కాస్త ఆగి, అప్పట్లో యుగళగీతం ఎలా రికార్డు చేసేవారో చెప్పాలి. ఇప్పుడైతే ఒకరు చెన్నైలో, ఇంకొకరు ముంబైలో, వేర్వేరు రోజుల్లో పాడతారు. తర్వాత కలిపేస్తారు. అప్పుడు అలా కుదరదు. గాయకులు ఇద్దరూ ఒకే గదిలో, చాలాసార్లు ఒకే మైకు ముందు నిలబడాలి. వాద్యబృందం మొత్తం అక్కడే వాయించాలి. పాట మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన పూర్తి కావాలి. వయొలిన్ తప్పినా, గాయకుడికి ఊపిరి అందకపోయినా మళ్లీ మొదటికే. అంటే జంటగా పాడడమంటే పక్కవాళ్ల ఊపిరి కూడా గమనిస్తూ పాడడం. గొంతు పెద్దదైతే వెనక్కి జరగాలి, చిన్నదైతే దగ్గరికి రావాలి. జిక్కి గారు గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు కాదు. ఆమె నేర్చుకున్నది చాలావరకు ఈ మైకు దగ్గరే, పక్కన నిలబడ్డ వాళ్ల నుంచే.

అలా పక్కన నిలబడ్డవాళ్లలో తెలుగులో మొదట చెప్పాల్సింది ఘంటసాల గారిని. ఆయన సంగీతం చేసిన పాతాళభైరవి (1951)లో కథానాయికకు పి. లీల పాడితే, జిక్కికి ఒక నాట్యం పాట వచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి ఎన్నో యుగళగీతాలు పాడారు. దొంగరాముడు (1955)లో పెండ్యాల గారి బాణీ, చెంచులక్ష్మి (1958)లో సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ ఇప్పటికీ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో వినిపిస్తాయి. చెంచులక్ష్మిలో చెంచుపిల్ల నరహరిని ఆటపట్టిస్తూ ప్రశ్నలడుగుతుంది. ఘంటసాల గొంతంటే నిండు గంగాళం. దాని పక్కన జిక్కి గొంతు గాజుల చప్పుడులా ఉంటుంది. చిన్నదే, కానీ విడిగా వినిపిస్తుంది.

వీళ్లిద్దరికీ పెద్ద పరీక్ష సువర్ణసుందరి (1957). ఆదినారాయణరావు గారు ఒకే పాటలో నాలుగు రాగాలు వరసగా పెట్టారు. హిందీలో అదే బాణీని లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. తెలుగులో ఘంటసాల, జిక్కి. సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి ఆ పాటలో ఒక రాగం వదిలి ఇంకో రాగంలోకి వెళ్లే చోట్లు జాగ్రత్తగా వినండి. ఎక్కడా తడబాటు కనిపించదు.

1955 ఆమెకు గొప్ప ఏడాది. అనార్కలిలో అంజలీదేవికి పాడారు. రోజులు మారాయిలో ఏరువాక పాట వచ్చింది. కొసరాజు గారి మాటలు, మాస్టర్ వేణు గారి బాణీ, తెరమీద నాట్యం చేసింది వహీదా రెహమాన్. ఆ సినిమా తమిళంలో వచ్చినప్పుడు కూడా ఆ పాట జిక్కిదే. ఆ బాణీ తర్వాత బొంబాయి దాకా వెళ్లి హిందీ పాటకూ ప్రేరణ అయింది. ఇది జంట పాట కాదు, ఒక్క గొంతు పాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక రాజా గారు. ఎ. ఎం. రాజా 1929లో చిత్తూరు జిల్లాలో పుట్టారు. మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో డిగ్రీ చదివారు. 1951లో సంసారం తమిళ సినిమా పాటతో ఆయన పేరు ఊరూరా తెలిసింది. మెత్తని గొంతు, అరవడమనేది తెలియని గొంతు. పక్కింటి అమ్మాయి (1953)లో అంజలీదేవి సరసన నటించారు కూడా. 1953లో రాజ్ కపూర్ సినిమా ఆహ్ తెలుగులో ప్రేమలేఖలుగా, తమిళంలో అవన్‌గా వచ్చింది. హిందీలో ముఖేష్, లత పాడిన బాణీలవి. దక్షిణాదిలో రెండు భాషల్లోనూ వాటిని పాడింది రాజా, జిక్కి. తెలుగు మాటలు ఆరుద్ర గారివి. తెరమీద పెదాలు ముందే కదిలిపోయాయి, బాణీ ముందే కట్టేశారు. ఆ రెంటికీ కట్టుబడి మరీ సొంత పాటల్లా పాడాలి. వాళ్లు అలాగే పాడారు. 1955లో తమిళ గులేబకావళిలోని సాయంత్రపు పాటతో వీళ్ల జంట ఇంటింటి పేరయింది. పాటల్లో జంట నిజజీవితంలోనూ జంటయింది. వాళ్లకు ఆరుగురు పిల్లలు.

అయితే ఈ జంట తలుపులు మూసుకున్న జంట కాదు. రాజా విప్రనారాయణ (1954)లో భానుమతి గారితో పాడారు. మిస్సమ్మ (1955)లో పి. లీలతో పాడారు. పి. సుశీల గారి మొట్టమొదటి సినిమా పాట కూడా రాజాతో కలిసి పాడినదే, పెట్ర తాయ్ అనే తమిళ సినిమాలో. అటు జిక్కి కూడా అంతే. వంజికోట్టై వాలిబన్ (1958)లో పద్మిని, వైజయంతిమాల పోటీపడి నాట్యం చేస్తారు. ఆ ఇద్దరి వెనక పోటీపడి పాడింది లీల, జిక్కి. రికార్డింగ్ గదిలో పాడేవాళ్లు ఇద్దరూ ఆడవాళ్లే. తగ్గింది ఎవరో చెప్పడం కష్టం. నాకైతే ఎవరూ తగ్గలేదనిపిస్తుంది.

ఇప్పుడు నన్ను చాలా రోజులు ఆలోచింపజేసిన సంగతికి వస్తాను. 1958లో శోభతో రాజా సంగీత దర్శకుడయ్యారు. 1959లో శ్రీధర్ దర్శకత్వంలో కల్యాణ పరిసు, 1960లో అదే కథతో తెలుగులో పెళ్లికానుక. రెండూ పెద్ద విజయాలు. వాటిలో పేరుపడ్డ యుగళగీతాలు చూడండి. రాజా పక్కన పాడింది సుశీల గారు, జిక్కి కాదు. 1961లో తేన్ నిలవు వచ్చేసరికి ఆయన పక్కన ఎస్. జానకి గారు కూడా చేరారు. భర్తే సంగీత దర్శకుడు, భర్తే గాయకుడు. ఆయన ఇంట్లోనే దేశమంతా మెచ్చిన గొంతు ఉంది. అయినా జంట పాట బయటికి వెళ్లింది.

మొదట నాకు ఇది అన్యాయంగా తోచింది. ఆలోచిస్తే అంత సులువుగా తేల్చే విషయం కాదనిపించింది. అనార్కలి, సువర్ణసుందరి అంజలీదేవి–ఆదినారాయణరావు దంపతుల సొంత సినిమాలు. అక్కడ ఆదినారాయణరావు గారు తెరమీద తన భార్యకు జిక్కి గొంతు తెచ్చారు. ఇక్కడ రాజా తన పాటకు సుశీల గొంతు తెచ్చారు. ఇద్దరూ పాటకు ఏ గొంతు కావాలో అదే చూశారు, బంధుత్వం చూడలేదు. ఆ పద్ధతి వల్ల జిక్కికి ఒక చోట వచ్చింది, ఇంకో చోట పోయింది. అయినా ఒక ఆడమనిషిగా ఆమెకు ఏమనిపించిందో మనం ఊహించి రాయకూడదు. పాట ఏమందో వినడం ఒక్కటే మన చేతిలో ఉంది.

పాట మాత్రం గట్టిగానే అంది. కల్యాణ పరిసులో, పెళ్లికానుకలో కూడా రాజా జిక్కికి ఒక సోలో ఇచ్చారు. చలించని మనసును కూడా పాట ఎలా కదిలిస్తుందో చెప్పే పాట అది. పక్కన మగ గొంతు లేదు, ఆసరా లేదు. అరవై ఏళ్లు దాటినా తమిళంలో, తెలుగులో కూడా ఆ పాట పోలేదు. జంట పాట ఇవ్వని సినిమాలోనే ఆమె విడిగా నిలిచింది. ఏరువాక పాట చెప్పిన మాటే ఇది కూడా చెబుతుంది.

అరవైల్లో గాలి మారింది. కొత్త గొంతులు వచ్చాయి, రాజా సినిమాలకు దూరమయ్యారు, జిక్కికి పాటలు తగ్గాయి. ఇంటి బాధ్యత, పిల్లల పెంపకం ఉండనే ఉన్నాయి. తర్వాత ఇద్దరూ కలిసి సొంత బృందంతో కచేరీలు చేశారు. సినిమా మరిచినా జనం మరవలేదు. 1989 ఏప్రిల్‌లో కచేరీకి వెళ్తూ రాజా గారు తిరునెల్వేలి జిల్లా వళ్లియూరు స్టేషన్‌లో రైలు ప్రమాదంలో పోయారు. పేరులో సగం అక్కడితో ఆగిపోయింది.

చాలామంది కథ అక్కడే ముగిస్తారు. కానీ రెండేళ్లకు, 1991లో, ఆదిత్య 369 వచ్చింది. ఇళయరాజా సంగీతంలో బాలు, శైలజలతో కలిసి జిక్కి పాడారు. అదే ఏడాది సీతారామయ్యగారి మనవరాలులో కీరవాణి సంగీతానికి చిత్రతో గొంతు కలిపారు. 1948లో పెరియనాయకి పక్కన చిన్నపిల్లగా పాడిన మనిషి, ఇప్పుడు తన పిల్లల వయసు వాళ్ల పక్కన పెద్దదిక్కుగా నిలబడ్డారు. పాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు అందడం ఆమె మొదట నేర్చుకున్న పాఠం. ఈసారి అందించే వంతు ఆమెది.

2004 ఆగస్టు 16న, క్యాన్సర్‌తో, చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి మనలో చాలామంది పుట్టనే లేదు.

తగువు సంగతి ఏమైందంటారా? ఆమె తెలుగా తమిళమా అని ఇక నేను వాదించను. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనల్ని అలా అడిగితే మనం మాత్రం ఏం చెబుతాం? ఒక్కటి అడుగుతాను. ఈసారి రాజా–జిక్కి పాట విన్నప్పుడు రెండు గొంతులూ విడివిడిగా వినండి. తర్వాత ఏరువాక పాట, పెళ్లికానుక సోలో వినండి. ఆ తర్వాత ఆమె పేరు ఒక్కసారి ఒంటరిగా పలికి చూడండి. జిక్కి. ఏమీ తక్కువ కాలేదు కదా.

— ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, తెలుగు శాఖ