కర్నలు సి. కె. నాయుడుగారు

ఇరువదిమూడేండ్లలోపు యువకులు రాష్ట్రజట్టులుగా ఏర్పడి పోటీపడు క్రికెట్టు బహుమాన పాత్రమునకు కర్నలు సి. కె. నాయుడు ట్రోఫీ యని పేరు. ఆ పాత్ర మెవరి స్మారకమో మన బాలబాలికలు తెలిసికొనవలయునని ఈ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరునందు తెలుగు కుటుంబమున జన్మించిరి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడి 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11. మనవారును ఆంగ్లేయులకు తీసిపోరని ప్రజలకు నాడు ధైర్యము కలిగెను.

1932 జూన్ 25న లార్డ్సు మైదానమున ప్రారంభమైన మన దేశపు ప్రథమ టెస్టునకు వారే నాయకులు. క్యాచి పట్టబోయి చేతికి గాయమైనను వెనుదీయక, మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసి, జట్టులో అందఱను మించిరి.

1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు దక్కెను. జట్టులో కలతలు పుట్టెను. పదవి పోయినను నాయుడుగారు బ్యాటు విడువలేదు; ఓవల్ టెస్టులో 81 పరుగులు చేసిరి. పిమ్మట హోల్కరు జట్టును రంజీ ట్రోఫీ విజయములకు నడిపిరి. 1953–54లో, 58వ యేట, ఆంధ్ర జట్టునకు సారథ్యము వహించిరి. 1956లో పద్మభూషణ బిరుదము నందిరి. 1967 నవంబరు 14న ఇండోరులో పరమపదించిరి.

పదవి యున్నను లేకున్నను తన పనిని తాను చేసినవాని పేరు యువకుల బహుమానమునకు తగియున్నదని మేము తలంచుచున్నాము. మన విద్యార్థులును ఆ గుణమును అలవఱచుకొందురు గాక!