రంగు నిలబెట్టినాయన

మా అటక సర్దుతుంటే ఒక పాత వీడియో గేమ్ డబ్బా దొరికింది. తొంభైల్లో మా మామయ్య అమెరికా నుంచి తెచ్చాడట. నేను పుట్టకముందు మాట. వెంగళరావు నగర్‌లో మావాళ్ళది అప్పుడు అద్దిల్లు. కరెంటుని 220 వోల్టుల నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చి మరీ పెట్టారట. తీరా ఆన్ చేస్తే టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో కిందికీ పైకీ పరుగులు. అన్నయ్య ఒకటే ఏడుపు. మన టీవీ పాల్, ఇదేమో ఎన్‌టీఎస్‌సీ, రెంటికీ పొసగదని మెకానిక్ తేల్చేశాడట.

ఈ పాల్ పెట్టిందెవరా అని కాస్త కోపంగానే వెతికాను. దొరికిన పేరు వాల్టర్ బ్రుఖ్.

1908లో జర్మనీలోని నాయ్‌స్టాట్‌లో పుట్టాడు. మిట్‌వైడాలో ఇంజనీరింగ్ చదివి, బెర్లిన్ చేరి, 1935లో టెలిఫుంకెన్ కంపెనీలో కుదిరాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఫిరంగి అంత టీవీ కెమెరా నడిపిన మనిషి ఈయనే. యుద్ధంలో పీనెమ్యూండేలో వీ-2 రాకెట్లు లేస్తుంటే దూరం నుంచి చూడ్డానికి టీవీ ఏర్పాటు చేశాడు. ఆ రాకెట్లు లండన్ మీద పడ్డాయి. వాటిని తయారుచేస్తూ వేలమంది ఖైదీలు చచ్చిపోయారు. ఆయన గురించి రాస్తూ ఇది దాటేసి పోవడం నాకు చేతకాలేదు.

యుద్ధం అయ్యాక, 1950లో మళ్ళీ టెలిఫుంకెన్‌లో చేరి హనోవర్‌లో పనిచేశాడు. అమెరికాలో 1953లో ఎన్‌టీఎస్‌సీ కలర్ వచ్చింది. అందులో ఏ రంగు అన్నది సిగ్నల్ ఫేజ్‌లో ఉంటుంది. దారిలో ఫేజ్ కాస్త జరిగితే మనిషి ముఖం ఆకుపచ్చగానో ఊదాగానో మారిపోతుంది. అందుకే ఆ టీవీలకి రంగు సరిచేసే నాబ్ పెట్టారు.

బ్రుఖ్ చేసింది చెప్తే చాలా చిన్నది. ఒక గీత మామూలుగా, తర్వాతి గీతలో రంగు సిగ్నల్‌లో ఒక భాగాన్ని తలకిందులుగా పంపాడు. మొదటి గీతలో తప్పు ఇటు జరిగితే రెండోదాంట్లో అటు జరుగుతుంది. రెండూ కలిపి సగటు తీస్తే తప్పు కొట్టుకుపోతుంది. రంగు కాస్త వెలిసినట్టుంటుందేమో గానీ మారదు. ఒక గీతని తర్వాతి గీత వచ్చేదాకా, అంటే 64 మైక్రోసెకన్లు, ఆపి ఉంచాలి. దానికి గాజుముక్కలో శబ్దతరంగంగా తిప్పే డిలే లైన్ వాడారు. ఆ ఆపే ఆలోచన ఫ్రాన్స్‌లో హెన్రీ ద ఫ్రాన్స్ చేసిన సెకామ్‌లో అప్పటికే ఉంది.

1963 జనవరి 3న హనోవర్‌లో యూరప్ నిపుణులకి చూపించాడు. 1967లో బ్రిటన్, పశ్చిమ జర్మనీ పాల్‌లో కలర్ మొదలుపెట్టాయి. సొంత పేరెందుకు పెట్టలేదని అడిగితే, బ్రుఖ్ పద్ధతి అంటే ఎవరు కొంటారని నవ్వేశాడట. జర్మన్‌లో బ్రుఖ్ అంటే విరగడం మరి! మన దేశానికి పాల్ కలర్ 1982లో, ఏషియాడ్ ఏడాది వచ్చింది.

మరి మా అన్నయ్య ఏడుపుకి బాధ్యుడు ఈయనేనా? సగమే. బొమ్మ పరుగెత్తడానికి కారణం రంగు కాదు. అమెరికా సిగ్నల్ 525 గీతలు, సెకనుకి 60 సార్లు. మనది 625 గీతలు, 50 సార్లు. ఆ 60, 50 ఆయా దేశాల కరెంటు ఫ్రీక్వెన్సీ నుంచి వచ్చినవి, బ్రుఖ్‌కి ముందే ఉన్నవి. బొమ్మలో రంగు పోవడం ఒక్కటే ఆయన ఖాతాలోది. 60కి రాసిన ఆటని 50లో అలాగే నడిపితే నిమిషం ఆట 72 సెకన్లు పడుతుంది. 1991 నాటి సోనిక్ యూరప్‌లో అందుకే నెమ్మదిగా పరుగెత్తింది.

నాకు ఎక్కువ బాధనిపించింది వేరే సంగతి. పాల్ పేటెంట్లు టెలిఫుంకెన్‌వి. ఆ లైసెన్సులతోనే జపాన్ పెద్ద టీవీలు యూరప్‌లోకి రాకుండా ఏళ్ళ తరబడి అడ్డుకట్ట వేశారు. తప్పు దిద్దడానికి పుట్టిన ఉపాయం గోడైంది. తర్వాత నింటెండో అమెరికా, యూరప్ కన్సోళ్ళలో ప్రాంతానికో తాళం చిప్ పెట్టింది. అక్కడ కరెంటు సాకు కూడా లేదు, వ్యాపారమే. మన సందుల్లో పిల్లలాడిన నకిలీ కన్సోళ్ళు జపాన్ మోడల్‌వి, 60 పిన్నుల క్యాసెట్లవి. వాటిలో ఆ తాళం లేదు కాబట్టే క్యాసెట్లు చేతులు మారి ఊరంతా తిరిగాయి.

బ్రుఖ్ 1990 మేలో హనోవర్‌లో పోయాడు. ఈ గొడవలేవీ ఆయన లెక్కలో ఉండి ఉండవు. ఇంజనీరు కాగితం మీద తప్పు కొట్టేస్తాడు. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో మాత్రం ఆయన చేతిలో ఉండదు. మనం కూడా రేపు ఆ కాగితాలు రాసేవాళ్ళమే కదా.

మొన్న ఆ డబ్బాని ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా మా ఇప్పటి టీవీకి తగిలించాను. ఇది పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ తీసుకుంటుంది. బొమ్మ కదలకుండా నిలబడింది, రంగుల్లో. ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. ఆదివారం వస్తానన్నాడు. మొదటి ఆట తనదేనట.