యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరమందు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. ఈ సంగతి మన విద్యార్థులు గమనింతురుగాక. వారి సోదరులిరువురిని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొనెను. ఆ వ్యాధికి మందగు ఫోలికామ్లమును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి కృత్రిమముగ తయారుచేయించినవారు వీరే.

దేహమందలి కణము విభజింపబడవలెనన్న ఈ ఆమ్లము కావలెను. దానిని పోలియుండియు దాని పని చేయని పదార్థమునిచ్చినచో కణము మోసపోవును. సుబ్బారావుగారి బృందము చేసిన అట్టి అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టను నగరమున ఫార్బరు వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చెను. కొందరికి నెమ్మదించెను. అంతవరకు ఆ రోగమునకు మందే లేదు! అయ్యో, కొలది మాసములకే మరల తిరుగబెట్టెను.

కారణము తరువాత తెలిసినది. ఒక రోగి దేహమందలి క్యాన్సరు కణములన్నియు ఒక్కతీరువి కావు. మొదటి గడ్డనుండి వెడలి ఎముకలందో ఊపిరితిత్తులందో పాతుకొన్న కణములు తల్లిగడ్డతో కొన్ని జన్యువులయందు భేదించుచుండును. మందు అణచవలసిన ఎంజైము యొక్క జన్యువును పెక్కు ప్రతులుగ పెంచుకొన్న కణములు ఆ మందును తట్టుకొనునని 1978లో ప్రయోగశాలలో ఋజువైనది. అందుచేతనే అమినోప్టెరిన్‌కు తోబుట్టువగు మెథోట్రెక్సేటును నేడు పెక్కు మందులతో కలిపి యిచ్చుచున్నారు. పిల్లలు పలువురు స్వస్థులగుచున్నారు.

ఫార్బరుగారి నివేదిక 1948 జూనులో వెలువడెను. ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కునందు మరణించిరి.