పలుకుబడి నెఱిగిన పండితుడు

ఒక భాషలోని మాటలకు విడివిడిగా అర్థములు తెలిసినంత మాత్రమున ఆ భాష వచ్చినట్లు కాదు. చేయి యనగా నేమో, చేసికొనుట యనగా నేమో నేర్చిన పరదేశీయుడు సయితము, ఒకడు మఱియొకనిపై చేయిచేసికొనె నని వినినచో, కొట్టె నని గ్రహింపలేడు. రెండు మాటలును కలిసి మూడవ యర్థము నిచ్చినవి. ఇట్టివానిని జాతీయము లందురు. ఆంగ్లభాషలో నివి మిక్కుటము. వానిని ఏరి, వివరించి, నిఘంటువున కెక్కించిన మహనీయులలో శామ్యూల్ జాన్సన్ అగ్రగణ్యుడు.

జాన్సన్ 1709వ సంవత్సరమున ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకముల వర్తకుడు. శైశవముననే గండమాల యను వ్యాధి సోకి, ముఖమున మచ్చలు నిలిపి, బాలుని చూపును మందగింపజేసెను. అయినను తండ్రి యంగడిలోని గ్రంథములే యాతనికి నెచ్చెలులైనవి. 1728లో అతడు ఆక్స్‌ఫర్డునందలి పెంబ్రోకు కళాశాలలో చేరెను. అతని జోడు చినిగి వ్రేళ్లు బయటపడుట చూచి జాలిగొన్న వా రెవరో క్రొత్త జోడు నొకదానిని గది గుమ్మమున నుంచగా, ఆ యభిమానధనుడు దానిని విసరివైచెనని చెప్పుదురు. ధనము లేక పదమూడు నెలలకే, పట్టము పొందకయే, చదువు మానవలసివచ్చెను.

పిమ్మట లిచ్‌ఫీల్డు సమీపమున నొక పాఠశాలను స్థాపించెను గాని విద్యార్థులు తగినంతమంది చేరరైరి. చేరిన కొలదిమందిలో నొకడు, తరువాత మహానటుడుగా ప్రసిద్ధి కెక్కిన డేవిడ్ గారిక్. 1737లో ఆ గురుశిష్యు లిరువురును బ్రతుకుతెరువు వెదకికొనుచు లండను నగరము చేరిరి. అచట జాన్సన్ పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనుచుండెను.

1746లో కొందఱు పుస్తక ప్రకాశకులు 1,500 గినీల ప్రతిఫలమునకు ఆంగ్ల నిఘంటువు నొకదానిని రచింప నాతనితో ఒడంబడిక చేసికొనిరి. మూడేండ్లలో ముగింతునని పూనిన పని ముగియుటకు తొమ్మిదేండ్లు పట్టెను. గాఫ్ స్క్వేరులోని యింటి మీదియంతస్తున ఆర్గురు వ్రాయసకాండ్రను కూర్చుండబెట్టికొని, జాన్సన్ గ్రంథములు చదువుచు, తగిన మాటల క్రింద గీతలు గీయుచుండెడివాడు. వా రా వాక్యములను కాగితములపై కెక్కించుచుండిరి. మాటకు అర్థమును తాను కల్పింపక, రచయితలు దాని నెట్లు వాడిరో చూచి నిర్ణయించుటయే యాతని పద్ధతి.

మొదట ముఖ్యార్థము, పిదప దానినుండి పుట్టిన లక్ష్యార్థము చెప్పవలెనని యాతని నియమము. ‘అరైవ్’ అను మాటను చూడుడు. ఓడ యొడ్డు చేరుట దాని మొదటి యర్థము. తరువాత నేలమార్గమున నైనను ఒకచోటికి చేరుట యయ్యెను. ఆపైన కోరిన పదవిని పొందుటయు నయ్యెను. మాట యొక్కటియే, అర్థము మాత్రము మెట్టు మెట్టుగా నెక్కినది.

క్రియకు చిన్నమాట యొకటి చేరి యర్థమును తలక్రిందులు చేయుట ఆంగ్లమునందలి మఱియొక విశేషము. పరదేశీయులకు కడు కష్టము కలిగించున దిదియే యని గుర్తించి, జాన్సన్ ఇట్టివానిని శ్రద్ధతో సేకరించెను. ‘ఫాల్’ అనగా పడుట. ‘ఫాల్ ఆన్’ అనగా దాడిచేయుట. మన తెలుగున మీదపడుట యనుటయు నిట్టిదే. కాని ‘బేర్’ అనగా మోయుట కాగా, ‘బేర్ అవుట్’ అనగా సమర్థించుట. ‘గివ్’ అనగా ఇచ్చుట కాగా, ‘గివ్ ఓవర్’ అనగా మానుట. విడివిడి మాటలు చూచి వీని నూహించుట సాధ్యము కాదు.

ఈ కృషి నడుమ, 1752లో భార్య యెలిజబెత్ మరణించెను. 1747లో తన ప్రణాళికను చెస్టర్‌ఫీల్డు ప్రభువున కంకితము చేసినను, ఆయన యాదరింపలేదు. గ్రంథము ముగియవచ్చిన తరుణమున ఆ ప్రభువు ప్రశంసలు వ్రాయగా, ఒడ్డు చేరినవానికి చేయూత యేలయని భావించి, 1755 ఫిబ్రవరిలో జాన్సన్ ఆ యాదరమును తిరస్కరించుచు లేఖ వ్రాసెను.

1755 ఏప్రిల్ 15వ తేదీన నిఘంటువు రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. అందు నలువదివేలకు పైగా పదములు, లక్షకు పైగా ఉదాహరణలు కలవు. ‘టేక్’ అను చిన్న క్రియ కొక్కదానికే 134 అర్థములు చూపబడినవి. పేదఱికమున వెళ్లిపోయిన విద్యార్థికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గ్రంథము వెలువడుటకు ముందే గౌరవపట్టము నిచ్చెను. అయినను పేదఱికము వీడలేదు. మరుసటి యేట అప్పు తీర్పలేక నిర్బంధింపబడగా, నవలాకారుడు రిచర్డ్‌సన్ సొమ్మిచ్చి విడిపించెను. 1762లో ప్రభుత్వము సాలున 300 పౌనుల భృతి నేర్పఱచిన పిదపనే యాతని కష్టములు తీరినవి. 1784 డిసెంబరు 13న మరణించిన జాన్సన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేయబడెను.

భాషను మాఱకుండ నిలుపవలెనని జాన్సన్ తొలుత తలచెను. కాని పని ముగియునప్పటికి అది యెవరి తరమును గాదని తెలిసికొని, తన పీఠికలో నట్లే యొప్పుకొనెను. విద్యార్థులారా! ఆంగ్లవాక్యమున ప్రతి మాటయు తెలిసియు భావము కుదురనిచో, అచట జాతీయ మున్నదేమో యని యనుమానింపుడు. ముందు వెనుకల వాక్యములను చూడుడు. ఆ మాటలను లోకు లెట్లు వాడుదురో గమనింపుడు. మందమైన చూపుతో తొమ్మిదేండ్లు జాన్సన్ చేసిన పని యిదియే.