అంకెలు గెలిచాయి.. సంతకం ఓడించింది

షామ్‌బర్గ్‌లో ఉండే మనవాళ్లకు బేస్‌బాల్ కొత్తేమీ కాదు. 1999లోనే ఇక్కడ స్టేడియం కట్టారు. ఈ ఆటలో ప్రతి ఆటగాడికీ ఓ లెక్క ఉంటుంది. బ్యాట్ పట్టిన ప్రతి వెయ్యిసార్లలో ఎన్నిసార్లు బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరాడన్నదే ఆ లెక్క. మూడొందలు దాటితే మంచి బ్యాటర్ అంటారు. మన పక్కనున్న షికాగోలో ఆడిన జో జాక్సన్ మొత్తం కెరీర్ లెక్క 356. అయినా అతన్ని ఆట నుంచి జీవితాంతం వెలేశారు.

జాక్సన్ 1887 జులై 16న సౌత్ కరోలినాలో పుట్టాడు. ఆరేడేళ్లకే నూలు మిల్లులో పనికి కుదిరాడు. బడి మొహం చూడలేదు. సిరిసిల్ల, భీవండి మరమగ్గాల మధ్య పెరిగినవాళ్లకు ఆ బతుకు వేరే చెప్పక్కర్లేదు. పదమూడేళ్లకు మిల్లు జట్టులో చోటు దొరికింది. ఒకసారి కొత్త బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కితే, వాటిని విప్పేసి మేజోళ్లతోనే ఆడాడు. అప్పట్నుంచి 'షూలెస్ జో' అయ్యాడు.

1908లో ఫిలడెల్ఫియా జట్టుతో పెద్ద లీగ్‌లోకి వచ్చాడు. 1911లో క్లీవ్‌లాండ్ తరఫున 571 సార్లు బ్యాట్ పట్టి 233 హిట్లు కొట్టాడు. వెయ్యికి 408 అన్నమాట. అయినా ఆ ఏడు మొదటి స్థానం దక్కలేదు, ఎందుకంటే టై కాబ్ 420 దగ్గర ఉన్నాడు. 1915లో షికాగో వైట్ సాక్స్‌కు మారాడు. 1917లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది.

1919లో అదే జట్టు సిన్సినాటి చేతిలో ఓడింది. జూదగాళ్ల డబ్బుకు ఆశపడి ఎనిమిది మంది కావాలనే ఓడారని కేసు. జాక్సన్‌కు 5,000 డాలర్లు ముట్టాయి. అతని ఏడాది జీతం అప్పుడు 6,000. కానీ ఆ సిరీస్‌లో అతను 32 సార్లకు 12 హిట్లు కొట్టాడు, ఫీల్డింగ్‌లో ఒక్క తప్పూ చేయలేదు. సిరీస్ మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క హోమ్ రన్ కూడా అతనిదే. అంకెలు చూస్తే ఓడటానికి ఆడినట్టు లేదు. డబ్బు తీసుకున్న మాటా అబద్ధం కాదు. వందేళ్లు దాటినా ఈ వాదన తెగలేదు.

అసలు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. జాక్సన్‌కు చదవడం రాదు. ఏ కాగితమైనా భార్య కేటీ చదివి చెప్పేది. 1920 మొదట్లో ఏడాదికి 8,000 చొప్పున మూడేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. పది రోజుల నోటీసుతో తీసేయొచ్చన్న షరతు అందులో లేదని తనకు చెప్పారని తర్వాత కోర్టులో వాపోయాడు. షరతు మాత్రం అందులోనే ఉంది. అదే ఏడాది సెప్టెంబరు 28న గ్రాండ్ జ్యూరీ ముందుకెళ్లాడు. సలహా ఇచ్చింది క్లబ్ లాయరే. చెప్పిన మాటలు తన మీదే కేసుకు వాడుకోవచ్చని ఒప్పుకునే కాగితం మీదా సంతకం చేశాడు. తనకంటూ లాయర్ లేడు.

1921 ఆగస్టు 2న జ్యూరీ నిర్దోషులని తేల్చింది. మర్నాడే బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఎనిమిది మందినీ బహిష్కరించాడు. ఆడిన చివరి ఏడాది జాక్సన్ లెక్క 382. అప్పటికి వయసు 33. బాకీ జీతం కోసం 1924లో మిల్వాకీ కోర్టులో దావా నడిపితే జ్యూరీ అతని వైపే తీర్పిచ్చింది. పాత వాంగ్మూలానికీ కొత్తదానికీ పొంతన లేదని జడ్జి దాన్ని కొట్టేశాడు.

తర్వాత సవానాలో బట్టలు డ్రై క్లీనింగ్ చేసే దుకాణం, ఆపై సొంతూరు గ్రీన్‌విల్‌లో మద్యం షాపు నడుపుకున్నాడు. 1951 డిసెంబరు 5న కన్నుమూశాడు. బహిష్కరణ ఎత్తేసింది 2025 మే 13న. చూసుకోవడానికి అతను లేడు.

సైట్లో సూపర్‌వైజర్‌గా రోజూ చూస్తుంటాను, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గల్ఫ్‌లో అరబ్బీ కాగితం, ఇక్కడ ఇంగ్లిష్ కాగితం, అంతే తేడా. జాక్సన్‌కు ఇంట్లోనే చదివిపెట్టే మనిషి ఉంది. మనకూ రూమ్‌లోనో, పక్క క్యాంపులోనో ఒకరు దొరక్కపోరు. వాళ్లు చదివి చెప్పేదాకా పెన్ను జేబులోనే ఉంచుకుంటే పోయేదేం లేదు.