హుగ్లీ వైద్యుడు జేమ్స్ ఎస్‌డెయిల్

శస్త్రచికిత్స చేయించుకొనువాడు మత్తుమందుచే బాధ నెరుగకుండుట నేడు సర్వసామాన్యము. 1846వ సంవత్సరమునకు పూర్వము ఆ భాగ్యము లోకమున దాదాపు ఎవ్వరికిని లేదు. నలుగురు బలవంతులు రోగిని అదిమి పట్టుకొనగా, వాడు మెలకువతో ఆక్రోశించుచుండగా, వైద్యుడు కత్తి పెట్టెడివాడు. చేయి ఎంత వేగముగా సాగిన అంత గొప్ప వైద్యుడని పేరు. ఆ బాధకు వెరచి, వ్యాధితోనే బ్రతుకు గడపిన వారెందరో కలరు. అట్టి కాలమున, వంగదేశమందలి హుగ్లీ పట్టణములో, ఏ మందును లేకుండ రోగులను గాఢనిద్రలో ముంచి శస్త్రచికిత్సలు చేసినవాడు జేమ్స్ ఎస్‌డెయిల్.

ఆయన 1808 ఫిబ్రవరి 6వ తేదీన స్కాట్లండునందలి మాంట్‌రోజ్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించి, ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి, 1831లో కలకత్తాకు వచ్చెను. కొలది యేండ్లకే ఆరోగ్యము చెడుటచే సెలవుపై వెడలి, 1838లో మరలివచ్చెను. పిమ్మట హుగ్లీలోని ఇమాంబాడా వైద్యశాలయు, అచటి చెరసాల వైద్యశాలయు ఆయన ఆధీనమయ్యెను.

మెస్మరిజము ఎస్‌డెయిల్ కల్పించిన విద్య కాదు. 18వ శతాబ్దమున వియన్నా వైద్యుడు మెస్మర్, ప్రాణులందు అయస్కాంతమువంటి యొక సూక్ష్మద్రవము ప్రవహించుచుండుననియు, దానిని హస్తచాలనముచే సరిదిద్ది వ్యాధులు మాన్పవచ్చుననియు ప్రచారము చేసెను. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన పండిత సంఘము ఈ వాదమును పరీక్షించెను. ఫ్రాంక్లిన్, లవాసియే వంటి మహామహులు అందు సభ్యులు. అట్టి ద్రవమేదియు లేదనియు, కనబడు ఫలితములు భావనాబలముచే కలుగుచున్నవనియు వారు నిర్ణయించిరి. తరువాత లండనులో ఈ విద్యను చేపట్టిన ఎలియట్‌సన్ అను ప్రసిద్ధ వైద్యుడు, 1838లో తన ఆచార్యపదవినే వదలుకొనవలసివచ్చెను. 1842లో ఇంగ్లండున ఒక కూలివానికి మెస్మరిజ నిద్రలో కాలు తీసివేసిన వార్త వెలువడగా, రోగి బాధను దాచి నటించెనని పలువురు వైద్యులు ఆక్షేపించిరి.

ఎస్‌డెయిల్ ఈ విషయములను చదివియుండెనే గాని, ఆ ప్రయోగమును కన్నులార చూచియుండలేదు. 1845 ఏప్రిల్ 4వ తేదీన చెరసాల వైద్యశాలలో మాధవ్ కౌరా అను ఖైదీకి వరిబీజమునకై చికిత్స చేసెను. నీరు తీసి లోనికి మందెక్కించుటతో వాడు దుర్భరమైన బాధచే మెలికలు తిరుగసాగెను. దానిని చూడజాలక ఎస్‌డెయిల్ తాను చదివిన విధమున వాని ముఖము మీదుగా, ఉదరము వరకు, తాకీ తాకనట్లు చేతులు కదలించెను. కొంతసేపటికి వాడు నిద్రలో మునిగెను. సూదితో గ్రుచ్చినను, నిప్పు తగిలించినను కదలలేదు. తన కన్నులను తానే నమ్మజాలక ఎస్‌డెయిల్ జిల్లా న్యాయాధికారిని, కలెక్టరును పిలిపించి చూపెను.

నాటినుండి ఆయన ఆ పనియందే నిమగ్నుడయ్యెను. తొలి ఎనిమిది మాసములలోనే డెబ్బదికి పైగా శస్త్రచికిత్సలు జరిపెను. తూర్పుతీరమున తెలుగువారికి చిరపరిచితమైన బోదవ్యాధి వంగదేశమునను విస్తారముగ ఉండెడిది. దానిచే బీజకోశములు పెరిగి, నడవజాలక, ఇంటివారికి సైతము భారమైన నిరుపేదలు ఆయనను వెదకికొని వచ్చిరి. చీకటిగదిలో రోగిని పరుండబెట్టి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి, హస్తచాలనము చేయవలసివచ్చెడిది. ఒక్కని శక్తికి మించిన యీ పనిని వైద్యశాలలోని హిందూ ముస్లిము యువకులకు ఆయన నేర్పెను. రోగులను నిద్రపుచ్చిన చేతులు హెచ్చుభాగము వీరివే. ఎస్‌డెయిల్ కీర్తిలో ఈ సహాయకులకు న్యాయముగ పాలు కలదు.

వైద్యాధికార మండలి మొదట ఆయన లేఖను లక్ష్యపెట్టలేదు. ఆయన పట్టువిడువక ప్రభుత్వమునకే విన్నవించుకొనగా, 1846లో ఒక విచారణసంఘము ఏర్పడెను. కలకత్తాలో దాని సమక్షమున పదిమందిపై ప్రయోగము జరిగెను. కొందరికి నిద్ర రానేలేదు. కత్తి తగిలినను కొందరు నిశ్చలముగ నుండిరి. మరికొందరి దేహము మెలికలు తిరిగి, ముఖము వికృతమయ్యెను. మేల్కొన్న పిమ్మట తమకే బాధయు తెలియలేదని వారు చెప్పిరి. సంఘము ఈ రెండు విషయములను దాచక వ్రాసి, ప్రయోగములు కొనసాగింపవచ్చునని సూచించెను. ఆ యేటనే కలకత్తాలో ఒక చిన్న మెస్మరిజ వైద్యశాల ఏడాది కాలమునకై వెలసెను. అది ముగిసిన తరువాత పౌరుల చందాలతో 1848లో మరియొకటి ఏర్పడెను.

కాని విధి వేరొక త్రోవ త్రొక్కినది. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున మోర్టన్ ఈథరుచే రోగిని నిశ్చేతనుని గావించెను. మరుసటి యేడే ఆ మందు కలకత్తాకు చేరెను. అదే సంవత్సరమున ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. గంటల శ్రమకు మారుగా నిమిషములలో, కొందరికి గాక ఎల్లరకును, మత్తు కలుగసాగెను. ఎస్‌డెయిల్ తన విధానమే క్షేమకరమని వాదించెను గాని, కాలము ఆయన పక్షమున లేదు. 1851లో భారతదేశమును వీడి స్వదేశమేగి, 1859 జనవరి 10వ తేదీన లండను చెంతనున్న సిడెన్‌హాములో మరణించెను.

ఎస్‌డెయిల్ కనుగొన్నది నిజము. దానికి చెప్పిన కారణము నిజము కాదు. కంటికి కానరాని ద్రవమేదో చేతినుండి రోగిలోనికి ప్రవహించునని ఆయన కడవరకు విశ్వసించెను. అదే కాలమున మాంచెస్టరు వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్, ద్రవముతో పని లేదనియు, ఏకాగ్రతచే రోగి మనస్సునందే ఈ స్థితి పుట్టుననియు వివరించి, 1843లో ప్రకటించిన గ్రంథమున నిద్రకు గ్రీకుపదమైన హిప్నోస్ నుండి దానికి పేరు పెట్టెను. హిప్నాటిజమను నేటి మాట అందుండి వచ్చినదే. ఆయన రోగులలో ఖైదీలును నిరుపేదలును ఎక్కువ. కాదనగల స్వేచ్ఛ వారికి ఏపాటిదను ప్రశ్నను నాటివారు అంతగా పట్టించుకొనలేదు, నేటివారు మరువరాదు.

అయినను, శతాబ్దము గడచిన పిమ్మట, 1955లో బ్రిటిషు వైద్యసంఘము శస్త్రచికిత్సయందును ప్రసవమందును బాధను తగ్గించుటకు హిప్నాటిజమును అంగీకరించెను. బెల్జియములోని లియేజ్ వైద్యశాలయందు 1992 నుండి స్వల్పమైన మందులకు దీనిని జోడించి వేలకొలది శస్త్రచికిత్సలు చేసిరి. బాధను తెలిపెడిది దేహము మాత్రమే కాదు, మనస్సును అందు భాగస్వామి యను సత్యము ఇందువలన స్థిరపడినది. ఆ సత్యమునకు తొలి సాక్షులలో ఒకడు హుగ్లీ చెరసాలలోని నిరుపేద ఖైదీ మాధవ్ కౌరా. వాని బాధను చూచి ఊరకుండజాలని వైద్యుడు జేమ్స్ ఎస్‌డెయిల్.