వేరు బుడిపె గుట్టు విప్పిన బైయరింక్

జొన్న చేలో కంది సాళ్ళు వేయడం, వరి కోతల వేళ మాగాణిలో మినుము, పెసర చల్లడం మన రైతులకు తాతల నాటి నుంచీ తెలుసు. పప్పుజాతి పంటతో నేల బలపడుతుందనీ తెలుసు. ఎందుకు బలపడుతుందో తేల్చినవారిలో ముఖ్యుడు హాలెండు శాస్త్రజ్ఞుడు మార్టినస్ బైయరింక్. ఆయన జీవితాన్ని రైతుకూలీ మిత్రులకు క్లుప్తంగా చెప్పదలిచాం.

ఆయన 1851లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి పొగాకు వ్యాపారంలో దివాలా తీసి రైల్వే గుమాస్తాగా కుదిరాడు. కొడుకు పైచదువు బంధువు పెట్టిన డబ్బుతో సాగింది. వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పి, 1885లో డెల్ఫ్ట్ పట్టణంలోని ఈస్టు, సారాయి ఫ్యాక్టరీలో పరిశోధకుడుగా చేరాడు.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల సాయంతో అందుకుంటున్నాయని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ చూపాడు. మరి ఆ బుడిపెలో పనిచేసేదెవరు? 1888లో బైయరింక్ దానిలోని బాక్టీరియాను వేరుచేసి, విడిగా పెంచి చూపాడు. అదే నేటి రైజోబియం.

మొక్క దానికి చక్కెర పెడుతుంది. అది గాలి నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకిస్తుంది. ఈ పనికే ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. బాక్టీరియా మాత్రం నైట్రోజినేజ్ అనే ఎంజైముతో మామూలు మట్టిలోనే చేసేస్తుంది. ఆ ఎంజైముకు ప్రాణవాయువు గిట్టదు. అందుకే బుడిపెలో మన రక్తం లాంటి ఎర్రటి పదార్థం ఉండి దాన్ని అదుపులో పెడుతుంది. ఈ లోగుట్టు తర్వాతి శాస్త్రజ్ఞులు విప్పారు.

1895లో బైయరింక్ డెల్ఫ్ట్‌లోనే ప్రొఫెసర్ అయ్యాడు. పొగాకు మొజాయిక్ తెగులుకు కారణం బాక్టీరియా కాదు, వైరస్ అని 1898లో చెప్పాడు. మొక్కతో పొత్తు లేకుండా నేలలో తానే నత్రజనిని పట్టే అజటోబాక్టర్‌ను 1901లో బయటపెట్టాడు. కోపిష్టి, పెళ్ళి చేసుకోలేదు, పనే లోకం. 1931 జనవరి 1న కన్నుమూశాడు.

ఆయన కనుగొన్నది మన చేలోనే పరీక్షించుకోవచ్చు. వేరుశనగలో కలుపు తీసేటప్పుడు ఒక మొక్కను మట్టితో సహా పెళ్ళగించి బుడిపెను చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే బాక్టీరియా పనిలో ఉన్నట్టే. తెల్లగానో పచ్చగానో ఉంటే పని జరగడం లేదు. అలాంటి నేలలో మరుసటి పంటకు, ఆ పైరుకు తగిన రైజోబియం కల్చర్‌ను బెల్లం నీళ్ళతో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తాలి. పప్పు పంటకు యూరియా ఎక్కువ పోస్తే బుడిపెలే తగ్గిపోతాయి. అప్పు తెచ్చి బస్తా కొనే ముందు వేరును అడగండి.